తన కొలత తానే

మా వృత్తిలో కొత్తగా అడుగుపెట్టినవారికి ఒక చిన్న పరీక్ష ఉంటుంది. వారిచేత నాలుగు మాటలు చదివించి, ధ్వనిముద్రణ చేసి, వెంటనే వారికే వినిపిస్తారు. విన్నవారిలో చాలామంది “ఇది నా గొంతు కాదండీ” అంటారు. ఇరవై యేండ్ల క్రితం నేనూ ఆ మాటే అన్నాను. నా కంఠం గంభీరమైనదని అంతవరకు నాకొక నమ్మకం. యంత్రం చెప్పినది వేరు. మాటల చివరలు మింగుతున్నాను. ఊపిరి చాలనిచోట వాక్యం తెగిపోతున్నది. పక్కనున్న పెద్దాయన చిరునవ్వు నవ్వి, “మంచిదండీ, ఇక మీకు పని దొరికినది” అన్నారు.

ఆ మాట మొన్న ఒక సాయంకాలం మళ్ళీ జ్ఞాపకం వచ్చినది. మా వీధిలో పదునాలుగేండ్ల కుర్రవాడొకడున్నాడు. పాఠశాల పందాలలో 800 మీటర్లు పరుగెత్తుతాడు. మా యింటి అరుగుమీద కూర్చుండి, “బాబాయిగారూ, రోజూ తెల్లవారుజామున లేచి పరుగెత్తుతూనే ఉన్నాను. అయినా మూడోవాడిగానే వస్తున్నాను. ఇక మానివేద్దామనుకుంటున్నాను” అన్నాడు.

“పోయిన సంవత్సరంకన్న ఇప్పుడు వేగంగా పరుగెత్తుతున్నావా, లేదా?” అని అడిగినాను.

“అది తెలియదండీ. మొదట ఎవరు వచ్చారో తెలుసు” అన్నాడు.

ఈ దేశంలో ఎందరో పిల్లలు ఆటస్థలం విడిచిపెట్టడానికి ఈ ఒక్క సమాధానమే కారణమని నాకు తోస్తుంది. ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలుసు. తాను ఎక్కడున్నాడో తెలియదు. తన నిన్నటి స్థానం తెలియనివాడికి నేటి ప్రగతి కనిపించదు. కనిపించని ప్రగతిని నమ్ముకొని తెల్లవారుజామున లేవడం ఎవరికైనా కష్టమే. కాబట్టి క్రీడాకారుడు తన్ను తాను పరీక్షించుకొనే విద్య ఎట్లా పుట్టినది, ఎట్లా పెరిగినది, అది నేటి యువకులకు ఏమి చెబుతున్నది అనే విషయాన్ని ఈ ప్రసంగంలో ముచ్చటిస్తాను.

ఈ విద్య మనకు పూర్తిగా కొత్తది కాదు. సుశ్రుతుడు తన సంహితలో వ్యాయామాన్ని గురించి చెబుతూ, మనిషి తన బలంలో సగం మేరకే శ్రమించవలెనని నియమం పెట్టినాడు. సగం అయినదని తెలిసేదెట్లా? దానికొక గుర్తు చెప్పినాడు. హృదయంలోని వాయువు నోటికి వచ్చినప్పుడు, అనగా నోటితో ఊపిరి తీయవలసిన ఆయాసం మొదలైనప్పుడు, సగం బలం ఖర్చయినదని గ్రహించవలెను. అంతేకాదు, వయస్సు, బలం, శరీరం, ప్రదేశం, కాలం, ఆహారం, వీటన్నిటిని చూచుకొని మరీ వ్యాయామం చేయవలెనని, మితిమీరితే జ్వరం, దగ్గు మొదలైన వ్యాధులు కలుగుతాయని హెచ్చరించినాడు. కొలత పాత్ర శరీరంలోనే ఉన్నదన్న భావం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే సుశ్రుతుని లక్ష్యం ఆరోగ్యం. పందెంలో నిలిచే యువకునికి ఆరోగ్యంతో పాటు మరొక కోరిక ఉంటుంది. నిన్నటికన్న రేపు మెరుగు కావలెను. దానికి ఆయాసం ఒక్కటే గుర్తు చాలదు. అక్కడికి గడియారం వచ్చి చేరినది. 1896లో ఏథెన్సు నగరంలో ఒలింపిక్ క్రీడలు తిరిగి ప్రారంభమైన నాటికే స్టాప్‌వాచీలు వాడుకలో ఉన్నవి. కాని అవి న్యాయనిర్ణేతల చేతులలో ఉండేవి. పరుగు ముగిసిన తరువాత తీర్పు చెప్పడమే వాటి పని. ఆ వాచీని పరుగెత్తేవాని చేతిలోకి తెచ్చి, తీర్పరిని గురువుగా మార్చినవాడుగా చరిత్రలో నిలిచినది ఫిన్లాండు దేశస్థుడు పావో నూర్మి.

నూర్మి 1897లో తుర్కు పట్టణంలో పుట్టినాడు. పండ్రెండేండ్ల వయస్సులో తండ్రి మరణించినాడు. చదువు మాని, సరకులు చేరవేసే పనికి కుదిరి, బరువైన బండ్లను ఎత్తైన దారులకు నెట్టినాడు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో అతని మొదటి తుది పందెం 5000 మీటర్లు. వేగాన్ని తానే నడిపించినాడు. చివరి చుట్టులో ఫ్రాన్సు దేశపు జోసెఫ్ గియెమో అతన్ని దాటిపోయినాడు. నూర్మికి రెండవ స్థానమే దక్కినది. ఆ క్రీడలలోనే తరువాత అతడు మూడు స్వర్ణపతకాలు గెలిచినాడు. అయినా అతడు మరువనిది ఆ మొదటి ఓటమినే. బలం ఎక్కడ వృథా అయినది? మొదట ఎక్కువ ఖర్చుచేసి చివరకు దివాలా తీయడం కన్న, ఉన్న బలాన్ని అన్ని చుట్లకూ సమంగా పంచుకోవడం మేలు కాదా? ఈ లెక్క తేల్చడానికి అతడు వాచీని చేతబట్టినాడు.

ఆ తరువాతి సంవత్సరాలలో అతడు వాచీ చేతిలో పెట్టుకొనే సాధన చేసేవాడు. పందెంలోను దానిని విడువలేదు. ప్రతి చుట్టుకు ఒకసారి దానివైపు చూచేవాడు. ప్రేక్షకులకు అది వింతగాను, పోటీదారులకు అవమానంగాను తోచేది. తమతో కాక గడియారంతో పందెం వేస్తున్నాడని వారు నొచ్చుకొనేవారు. కాని ఆ చూపులో అహంకారం కన్న లెక్క ఎక్కువ. ఇంత వేగానికి ఎంత ఆయాసం కలుగుతుందో, ఇంత ఆయాసాన్ని ఎంతదూరం భరించవచ్చునో అతడు సంవత్సరాల తరబడి నేర్చుకొన్నాడు.

1924లో పారిస్ క్రీడల కార్యక్రమం వెలువడినది. అందులో 1500 మీటర్ల తుది పందెం, 5000 మీటర్ల తుది పందెం ఒకే రోజున, గంటకు లోపు వ్యవధిలోనే ఉన్నవి. మరొకడయితే ఒకటి వదులుకొనేవాడు. నూర్మి జూన్ 19న హెల్సింకిలో తన్ను తాను పరీక్షించుకొన్నాడు. పారిస్‌లో ఎట్లా జరుగనున్నదో అట్లే, గంటసేపటి వ్యవధిలో రెండు దూరాలూ పరుగెత్తినాడు. 1500 మీటర్లు 3 నిమిషాల 52.6 సెకన్లలోను, 5000 మీటర్లు 14 నిమిషాల 28.2 సెకన్లలోను ముగించినాడు. రెండూ ప్రపంచ రికార్డులే. ఇక అనుమానానికి తావేది? జూలై 10న పారిస్‌లో రెండు పందాలూ గెలిచినాడు. 1500 మీటర్ల పందెం ముగింపు దగ్గరపడగా వాచీ చూచుకొని, దానిని పక్కనున్న గడ్డిలోకి విసిరివేసినాడని ఆనాటివారు వ్రాసినారు. కొలత అవసరమైనంతవరకే దానిని పట్టుకొన్నాడు. ఆపైన దానిని వదిలివేయడం కూడా అతనికి తెలుసు.

ఇంతటివాడు తన తొలి సంవత్సరాల సాధనను గురించి తరువాత నిర్మొహమాటంగా మాట్లాడినాడు. వేగపు పరుగులు తక్కువై, నెమ్మది పరుగులే ఎక్కువై, ఆ సాధన ఏకపక్షంగా సాగినదని తానే ఒప్పుకొన్నాడు. ఒలింపిక్ క్రీడలలో 9 స్వర్ణపతకాలు గెలిచినవాడు తన పొరపాటును తానే చూపించుకోవడం తేలికైన పని కాదు.

నూర్మి, అతని దేశస్థులు సాధించిన విజయాలు పక్కనే ఉన్న స్వీడన్‌ను ఆలోచనలో పడవేసినవి. అక్కడ గోస్టా హోల్మేర్ అనే శిక్షకుడు 1930ల కాలంలో “ఫార్ట్‌లెక్” అనే పద్ధతిని రూపొందించినాడు. ఆ మాటకు అర్థం “వేగంతో ఆట” అని. అడవిదారులలో పరుగెత్తుతూ, శరీరం సుముఖంగా ఉన్నప్పుడు వేగం పెంచి, అలసినప్పుడు తగ్గించి, తన పరుగును తానే నడుపుకోవడం దీనిలోని సారం. నూర్మి కొలతను గడియారంలో వెదికితే, హోల్మేర్ దానిని ఊపిరిలో, కాళ్ళలో వెదకుమన్నాడు. ఈ రెండూ విరుద్ధమైనవి కావు; ఒకటి వెలుపలి సాక్షి, రెండవది లోపలి సాక్షి.

ఆ రోజులలోనే జర్మనీలో వాల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైండెల్ అనే వైద్యుడు కలిసి మూడవ సాక్షిని పిలిచినారు. అది నాడి. కొంతదూరం వేగంగా పరుగెత్తించేవారు. నాడి నిమిషానికి 180 వరకు చేరేది. తరువాత విశ్రాంతి. నాడి 90 సెకన్లలోగా 120కి దిగితే మరొక పరుగు పెట్టవచ్చును. దిగకపోతే ఆ శ్రమ ఆనాటి శరీరానికి మించినదని అర్థం. సాధన ఎంత చేయవలెనో శిక్షకుని కోపమో, యువకుని పట్టుదలో నిర్ణయించకుండా గుండెయే నిర్ణయించే ఏర్పాటు ఇది. గెర్ష్లర్ శిష్యుడు రుడోల్ఫ్ హార్బిగ్ 1939 జూలైలో మిలాన్ నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తినాడు. అంతకుముందున్న రికార్డుకన్న అది 1.8 సెకన్లు తక్కువ. పదహారు సంవత్సరాల వరకు దానిని ఎవరూ దాటలేకపోయినారు.

ఇక ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టానికి వస్తాను. రోజర్ బానిస్టర్ ఇంగ్లాండు దేశంలో వైద్యవిద్యార్థి. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పందెంలో అతడే గెలుస్తాడని అతని దేశంలో చాలామంది నమ్మినారు. తక్కువ పందాలలో పాల్గొని, బలాన్ని ఒక్క తుది పందెానికై దాచుకోవడం అతని పద్ధతి. తీరా చూస్తే కార్యక్రమంలో ఒక అదనపు దశ చేర్చబడినది. అలసిన కాళ్ళతో తుది పందెంలో నిలిచి నాలుగవవాడుగా వచ్చినాడు. పత్రికలు నిందించినవి. పరుగు మానివేయవలెనా, కొనసాగించవలెనా అని అతడు కొన్ని వారాలు మథనపడినాడు.

చివరకు మానలేదు. ఎందుకంటే అతడు ఓటమిని రెండు భాగాలుగా విడదీసి చూచినాడు. కార్యక్రమం మారడం తన చేతిలో లేనిది. వరుసగా మూడు రోజులు గట్టిగా పరుగెత్తగల దారుఢ్యం తనలో లేకపోవడం తన లోపం. మొదటిదానికి విచారించి లాభం లేదు. రెండవదానికి మందున్నది. సంవత్సరాల తరబడి ఎవరూ చేరలేని లక్ష్యం ఒకటి అతని ఎదుట ఉన్నది. మైలు పరుగులో స్వీడన్ దేశస్థుడు గుండర్ హేగ్ 1945లో నెలకొల్పిన 4 నిమిషాల 1.4 సెకన్ల రికార్డు అట్లే నిలిచి ఉన్నది. 4 నిమిషాలలోపు మైలు పరుగెత్తడం మానవునికి శక్యం కాదనేవారు కొందరుండేవారు.

బానిస్టర్ ఆ మాటను నమ్మనూ లేదు, కొట్టివేయనూ లేదు. పరీక్షించి చూచినాడు. ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాలలో కదిలే పట్టీమీద పరుగెత్తుతూ, ఊపిరిలో ప్రాణవాయువు పాలు మారినప్పుడు అలసట ఎట్లా మారుతుందో పరిశోధించినాడు. ఆ పరిశోధనలో వైద్యుడూ తానే, పరీక్షకు లోబడినవారిలో ఒకడూ తానే. 1953 మే నెలలో మైలును 4 నిమిషాల 3.6 సెకన్లలోను, జూన్‌లో 4 నిమిషాల 2 సెకన్లలోను పరుగెత్తినాడు. మిగిలినది రెండు సెకన్లు. లెక్కకు ఎంతో చిన్నది; కాళ్ళకు ఎంతో పెద్దది.

ఆ చలికాలంలో అతని సాధన చూడండి. ఆసుపత్రిలో చదువు మధ్య మధ్యాహ్న భోజనపు విరామంలో దొరికేది కొద్దిసేపు మాత్రమే. 440 గజాల చుట్టు పది సార్లు. చుట్టుకూ చుట్టుకూ మధ్య రెండు నిమిషాల విరామం. 1953 డిసెంబరులో ఒక్కొక్క చుట్టుకు సగటున 66 సెకన్లు పట్టేవి. నెలలు గడిచిన కొద్దీ అది క్రమంగా దిగి, 1954 ఏప్రిల్ నాటికి 61 సెకన్లకు వచ్చినది. అక్కడ ఆగిపోయినది. ఎంత ప్రయత్నించినా 60కి దిగలేదు.

శ్రోతలారా, అంకెలు కదలనప్పుడు మనలో చాలామంది చేసేది ఒక్కటే. ఇంకా ఎక్కువ శ్రమ చేస్తాము. ఇంట్లో పెద్దలు కూడా “ఇంకా గట్టిగా చేయి” అంటారు. బానిస్టర్ వైద్యుని కన్నుతో తన అంకెలను చదివినాడు. ఇది బద్ధకం కాదు, అలసట అని నిర్ణయించినాడు. స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండు కొండలకు వెళ్ళి, పరుగు మాట తలపెట్టకుండా మూడు నాలుగు రోజులు రాళ్ళెక్కుతూ గడిపినాడు. తిరిగివచ్చి, మరి కొద్దిరోజులు విశ్రమించి, మళ్ళీ పది చుట్లూ పరుగెత్తినాడు. చుట్టుకు 59 సెకన్లు! అంకె పైకి కనిపించేది. దాని కారణం లోపల దాగి ఉండేది. కారణం తెలుసుకొన్నవాడే అంకెను కదిలించగలిగినాడు.

ఇంకొక సంగతి. ఎక్కువ కాలం శిక్షకుని సాయం లేకుండానే సాధన చేసిన బానిస్టర్, ఆ చలికాలంలో ఫ్రాంజ్ స్టాంఫుల్ అనే ఆస్ట్రియా దేశపు శిక్షకుని సలహా తీసుకొన్నాడు. తన్ను తాను చూచుకొనేవాడికి మరొకరి కన్ను అక్కరలేదనుకోవడం పొరపాటు. తన వీపు తనకు కనపడదు. ఏది తాను చూడలేడో గుర్తించి, ఆ మేరకు మరొకరిని అడగడం కూడా ఆత్మపరీక్షలో భాగమే.

1954 మే 6. ఆక్స్‌ఫర్డ్‌లో ఇఫ్లీ రోడ్ మైదానం. ఉదయం నుండి గాలి. పరుగు వాయిదా వేయవలెనా అన్న సందిగ్ధం చివరి నిమిషాల వరకు వదలలేదు. దగ్గరలోని చర్చి మీది జెండా రెపరెపలు తగ్గినవి. బానిస్టర్ సిద్ధమన్నాడు. మొదట బ్రాషర్, తరువాత క్రిస్ చాటవే ముందు నడిచి వేగం నిలిపినారు. సగం దూరం 1 నిమిషం 58 సెకన్లలో ముగిసినది. చివరి భాగంలో బానిస్టర్ ముందుకు దూకినాడు. 3 నిమిషాల 59.4 సెకన్లు. మానవశక్తికి ఎల్ల అనుకొన్నది ఎల్ల కాదని తేలినది. 46 రోజులకే ఆస్ట్రేలియా దేశపు జాన్ లాండీ దానిని కూడా దాటినాడు. ఎల్లలలో కొన్ని శరీరంలో ఉంటవి. కొన్ని మనం కొలిచి చూడకపోవడం వల్ల ఉంటవి.

మన దేశానికి వస్తే మిల్ఖాసింగ్ జీవితంలో ఈ విద్య రెండు ముఖాలూ కనిపిస్తవి. దేశవిభజన నాటి దారుణంలో తల్లిదండ్రులను పోగొట్టుకొని, సైన్యంలో చేరి, అక్కడే పరుగు నేర్చినవాడతడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ప్రాథమిక దశలోనే ఓడిపోయినాడు. సిగ్గుతో తలదాచుకోలేదు. 400 మీటర్ల విజేత అమెరికా దేశపు చార్లెస్ జెంకిన్స్ వద్దకు వెళ్ళి, అతడు సాధన ఎట్లా చేస్తాడో అడిగి తెలుసుకొన్నాడు. తనకూ అతనికీ మధ్య ఉన్న దూరాన్ని సెకన్లలో కొలిచి, ఆ దూరాన్ని నిత్యసాధనగా మార్చుకొన్నాడు. రెండేండ్లలో, 1958లో, కార్డిఫ్ నగరంలో కామన్వెల్త్ దేశాల క్రీడలలో 440 గజాల పందెం 46.6 సెకన్లలో గెలిచినాడు. ఆ సాధనలో తాను సొమ్మసిల్లి పడిన రోజులు, రక్తం కక్కుకొన్న రోజులు ఉన్నవని తానే చెప్పుకొన్నాడు. ఆ పట్టుదలకు నమస్కరిద్దాము. ఆ రక్తాన్ని మాత్రం మన పిల్లలకు ఆదర్శంగా చూపవద్దు. బలార్ధమన్న సుశ్రుతుని హెచ్చరిక ఇటువంటి చోటనే మనకు గుర్తుకు రావలెను.

రెండవ ముఖం 1960 సెప్టెంబరు 6న రోమ్‌లో కనిపించినది. 400 మీటర్ల తుది పందెం. సుమారు 250 మీటర్ల వరకు తాను ముందున్నాననీ, ఇంత వేగం చివరిదాకా నిలువదేమోనన్న అనుమానంతో కొంచెం తగ్గించాననీ, ఆ తగ్గిన అడుగు మళ్ళీ అందలేదనీ మిల్ఖాసింగ్ తరువాత ఎన్నోసార్లు చెప్పినాడు. దక్షిణాఫ్రికా దేశపు మాల్కం స్పెన్స్ 45.5 సెకన్లు, మిల్ఖాసింగ్ 45.6 సెకన్లు. పతకానికీ నాలుగవ స్థానానికీ మధ్య సెకనులో పదవ వంతు. శరీరం బలం చాలదన్నదా, మనస్సు భయపడినదా? పందెం నడుమ ఆ రెండు గొంతులనూ వేరుచేసి వినడం మహావీరులకు కూడా కష్టం. అందుకే ఆ విద్యను పందెం రోజున కాక, సాధన దినాలలోనే నేర్చుకోవలెను.

ఆ తరువాతి కాలంలో శాస్త్రజ్ఞులు ఈ కొలతలను సామాన్యులకు కూడా అందుబాటులోకి తెచ్చినారు. అమెరికా వైమానిక దళంలో వైద్యుడైన కెన్నెత్ కూపర్ 1968లో ఒక తేలికైన పరీక్షను ప్రకటించినాడు. పండ్రెండు నిమిషాలలో మనిషి ఎంతదూరం పరుగెత్తగలడో కొలిస్తే, అతని దమ్ము ఎంతో ఇంచుమించుగా తెలుస్తుంది. దానికి ప్రయోగశాల అక్కరలేదు. కొలిచిన దారి, గడియారం చాలు. స్వీడన్‌లో గున్నార్ బోర్గ్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు మరొక మెట్టు ఎక్కినాడు. శ్రమ ఎంత కష్టంగా తోచినదో మనిషి చేతనే 6 నుండి 20 వరకు గల అంకెలలో చెప్పించినాడు. ఆ అంకెను పదితో హెచ్చవేస్తే ఆరోగ్యవంతుని నాడివేగానికి ఇంచుమించుగా సరిపోతుందని చూపినాడు. ఊపిరి చెప్పే మాటను నమ్మిన సుశ్రుతుని భావానికి ఈ కొత్త శాస్త్రం ఎంత దగ్గరగా వచ్చినదో గమనించండి.

మన తెలుగునాట శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకం గెలిచినది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. ఆమె ఎత్తిన మొత్తం 240 కిలోలు. మొదటి ఇద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. చివరి ప్రయత్నానికి ఇనుపకడ్డీపై 137.5 కిలోలు పెట్టించినారు. అది లేచియుంటే స్వర్ణం. లేవలేదు. ఆ నిర్ణయాన్ని గురించి నేటికీ వాదించేవారున్నారు. మనం గమనించవలసినది మరొకటి. వేదికమీద అటువంటి నిర్ణయం తీసుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలలో పనికివచ్చే ఆధారం, సంవత్సరాల తరబడి వ్యాయామశాలలో ఏ రోజు ఎంత బరువు లేచినదో, ఏ రోజు ఎందుకు లేవలేదో తెలిసి ఉండడమే. ఇనుము ముఖస్తుతి చేయదు, నిందించదు కూడా.

ఇక మా వీధి కుర్రవాని మాటకు వస్తాను. ఆనాడు అతనికి నేనొక నలభై పేజీల పుస్తకం ఇచ్చినాను. “ఇందులో నీ పరుగు జమాఖర్చు వ్రాయి” అన్నాను. ప్రతి రోజూ ఉదయం పడకమీద లేవకముందే నాడి చూచుకొని ఆ అంకె వేయవలెను. అది నాలుగు రోజులు వరుసగా మామూలుకన్న బాగా ఎక్కువైతే ఆ రోజు పరుగు తగ్గించవలెను. ఎంతసేపు నిద్రపోయినదీ వ్రాయవలెను. పరుగెత్తిన తరువాత తేలికగా ఉన్నదా, కష్టంగా ఉన్నదా, మిక్కిలి కష్టంగా ఉన్నదా, ఒక్క మాట వ్రాయవలెను. నెమ్మది పరుగు అనుకొన్న రోజున పక్కవానితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినాడో లేదో చూచుకోవలెను. మాట తెగితే అది నెమ్మది పరుగు కాదు. నెలకు ఒకమారు మాత్రం అదే మైదానంలో, అదే వేళకు, 800 మీటర్లు వాచీ పెట్టి పరుగెత్తవలెను. మొదటి 400కు ఎంత, రెండవ 400కు ఎంత, విడివిడిగా వేయవలెను. కీలులోనో ఎముకలోనో నొప్పి పుడితే అంకెలు కట్టిపెట్టి పెద్దలకు చెప్పవలెను.

మూడు నెలల తరువాత ఆ పుస్తకం తెచ్చి చూపించినాడు. మొదటి నెలలో అతని మొదటి 400 మీటర్లకు, రెండవ 400 మీటర్లకు మధ్య పదకొండు సెకన్ల తేడా ఉన్నది. నూర్మి ఓడిన జబ్బే ఇతనిదీను! ఆరంభంలో మొదటివాని వెంటబడి, చివరకు చతికిలబడుతున్నాడు. మూడవ నెలలో ఆ తేడా నాలుగు సెకన్లకు దిగినది. మొత్తం కాలంలో ఆరు సెకన్లు తగ్గినవి. “ఇప్పుడు ఎన్నవవాడివి?” అని అడిగినాను. “మూడోవాడినే బాబాయిగారూ. కాని ఆ మొదటివాడికి అప్పుడే మీసాలు వచ్చినవి” అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వులో శాస్త్రం ఉన్నది. పదునాలుగేండ్ల పిల్లలు వయస్సులో సమానులైనా శరీరపు ఎదుగుదలలో సమానులు కారు. ఒకని ఎముకలు, కండరాలు రెండేండ్లు ముందుగా ఎదుగవచ్చును, మరొకనివి రెండేండ్లు ఆలస్యంగా ఎదుగవచ్చును. ఆ వయస్సులో స్థానాన్ని చూచి ప్రతిభను నిర్ణయించడం, మొలక ఎత్తును చూచి చెట్టును నిర్ణయించడం వంటిది. తన నిన్నటితో తన నేటిని పోల్చుకొన్న పిల్లవానికి ఆ మోసం తగులదు.

ఇక్కడ తల్లిదండ్రులకొక మనవి. ఆ పుస్తకం పిల్లవానిది. అందులోని అంకెలను తీసుకొని భోజనాల వేళ మందలించడం మొదలుపెడితే, మరుసటి వారం నుండి అందులో అబద్ధాలు చేరుతవి. అలసట దాగుతుంది, నొప్పి దాగుతుంది. నిజం వ్రాసినందుకు శిక్ష పడని చోటనే పిల్లలు నిజం వ్రాస్తారు. ఆడపిల్లల విషయంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి ఉన్నది. వారు పరుగెత్తడానికి మైదానమే దొరకని ఊళ్ళు ఇంకా ఉన్నవి. దొరికిన చోట, వారి శ్రమకు వారి పుస్తకమైనా సాక్ష్యం పలకవలెను కదా.

మన భాషలో “కొలుచు” అనే మాటకు రెండర్థాలున్నవి. పరిమాణం తెలుసుకోవడం ఒకటి, పూజించడం రెండవది. తన్ను తాను కొలుచుకొనే యువకుడు ఈ రెండింటి నడుమ గల గీటును దాటకుండా చూచుకోవలెను. నూర్మి గడ్డిలోకి విసిరివేసిన వాచీని ఒక్కసారి తలచుకోండి. కొలత సాధనకు పనిముట్టు మాత్రమే.

మా కుర్రవాడు మాత్రం పరుగు మానలేదు. ఆ నలభై పేజీలూ నిండినవి. మొన్న వచ్చి ఇంకొక పుస్తకం అడిగినాడు. ఈమారు నేను వంద పేజీలది ఇచ్చినాను.